ఎమ్మెల్యే గారి నల్లబల్ల

కిందటి నెల చెన్నైలోని పెరంబూరులో బంధువుల ఇంటి పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తూ, ఓట్టేరి దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా, ఎదుటి గోడకు అంటించిన కన్నీటి అంజలి పోస్టరు మీద నా చూపు పడింది. తెల్ల చొక్కా, మందపాటి నల్ల ఫ్రేము కళ్ళజోడు, నుదుటి మీదికి జారిన జుట్టు. వయసు మీరిన ముఖమే అయినా వెంటనే పోల్చుకున్నాను. ఒకప్పుడు మా నియోజకవర్గానికి శాసనసభ్యులుగా ఉన్న పెద్దమనిషి. పెద్దకర్మ కూడా జరిగిపోయిందని పక్కనున్న టీకొట్టు యజమాని చెప్పాడు. పోస్టరు నిండా ఆయన నిర్వహించిన పార్టీ పదవులు వరుసగా అచ్చువేశారు. మా వీధివాళ్ళం ఆయనను తలుచుకొనే కారణం మాత్రం అందులో ఎక్కడా లేదు. వీధి మొగలో గంగరావి చెట్టు కింద ఆయన పెట్టించిన నల్లబల్ల గురించి, దాని మీద రోజూ మాకు చెప్పించిన సంగతుల గురించి తెలిసినవాళ్ళు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు. అందుకని గుర్తున్నంతవరకు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మాది మిల్లు కార్మికుల వీధి. మా నాన్న బి అండ్ సి మిల్లులో, నేత విభాగంలో పనిచేసేవారు. బకింగ్‌హామ్, కర్నాటిక్ అనే రెండు మిల్లులు ఒకటైన ఆ సంస్థ చుట్టూ, పట్టాళం, ఓట్టేరి, పులియంతోపు ప్రాంతాల్లో, నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబాలు వరుస ఇళ్ళలో కాపురం ఉండేవి. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఈ మిల్లు కార్మికుల మధ్యనే. దానికి పునాది వేసినవారిలో సెల్వపతి చెట్టియారుతో పాటు రామానుజులు నాయుడు కూడా ఉన్నారని మా తాతగారు ఎవరు వచ్చినా చెప్పేవారు. తెల్లవారక ముందే మిల్లు సైరను మోగేది. ఆ వెంటనే వీధంతా చెప్పుల చప్పుడు, సైకిలు గంటలు, టిఫిను క్యారియర్ల గలగల. మొదటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా ఆ చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగేవారు. సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి, నల్లబల్ల మీది రాతను పైనుంచి కింది దాకా చదివి, అప్పుడు తొక్కుకుంటూ వెళ్ళేవారు.

ఆ బల్లకు మధ్యలో నిలువుగా తెల్ల రంగు గీత ఉండేది. ఎడమ సగం తమిళం, కుడి సగం తెలుగు. తమిళ సగం ఎమ్మెల్యే గారి దగ్గర టైపు చేసే అన్న రాసేవాడు. తెలుగు సగం రాసే పని, నేను కాలేజీలో చేరిన కొత్తలో, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకు అప్పగించారు. ఎమ్మెల్యే గారి ఇంటి భాష తమిళం. మిల్లు కార్మికుల పిల్లల మధ్య పెరిగినందువల్ల తెలుగు ధారాళంగా మాట్లాడేవారు, చదవడం మాత్రం రాదు. అందువల్ల నేను రాసిన ప్రతి మాటా ఆయనకు బిగ్గరగా చదివి వినిపించాలి. ఆయన కళ్ళు మూసుకొని వినేవారు. 'త్వరలో' అన్న మాట చెవిన పడితే వెంటనే చెయ్యెత్తి ఆపేవారు. "త్వరలో అంటే ఎప్పుడు తంబీ? వాళ్ళు తేదీ చెబితే తేదీ రాయి. చెప్పకపోతే తేదీ చెప్పలేదని రాయి" అనేవారు. ఆ రెండు వాక్యాలు నేను తర్వాత చేసిన ప్రతి ఉద్యోగంలోనూ నాకు పనికివచ్చాయి.

బల్ల పై భాగంలో ఆనాటి అవసరాలు ఉండేవి. నీళ్ళ లారీ ఏ వీధికి ఏ పూట వస్తుంది, రేషను కొట్టుకు కిరసనాయిలు వచ్చిందా లేదా, చక్కెర ఎప్పటి నుంచి ఇస్తారు, ఓటర్ల జాబితాలో పేరు చేర్చడానికి గడువు ఎంతవరకు, ఉద్యోగ కల్పన కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్న పిల్లలు దాన్ని తిరగరాయించుకోవలసిన నెల ఏది అన్నవి. ఇవి ఏ నాయకుడైనా చెప్పించగలడు. ఆయన ప్రత్యేకత అంతా బల్ల కింది భాగంలో ఉండేది. అక్కడ మా వీధుల తరఫున ఆయన ఏమి అడిగారు, ఎవరిని అడిగారు, ఏ తేదీన అడిగారు, వాళ్ళు ఏమి జవాబిచ్చారు అన్నది రాయించేవారు. జవాబు రాకపోతే 'జవాబు రాలేదు' అని రాసి, ఎదురుగా మళ్ళీ ఉత్తరం రాసిన తేదీ వేయించేవారు. 'కుదరదన్నారు' అన్న మాట కూడా దాచకుండా, కారణంతో సహా అక్కడ ఉండేది. ఆయన పార్టీలోనే కొందరికి ఇది నచ్చేది కాదు. కానివి చెప్పుకుంటే ఓట్లు పోతాయని వాళ్ళ భయం. ఆయన మాత్రం, పని కాలేదని తెలిసినవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు, తెలియనివాడు నా గుమ్మం దగ్గరే కూర్చుంటాడు, అతని రోజు కూలి ఎవరిస్తారని అడిగేవారు.

ఒక శాసనసభ్యుడికి వీధి దీపాలతో, మురుగు కాలువలతో ఏం సంబంధమని ఈ కాలపు పిల్లలు అడగవచ్చు. మద్రాసు కార్పొరేషన్ 1688లో ఏర్పడింది. అంత పురాతనమైన సంస్థకు 1973లో పాలకమండలి రద్దయిన తర్వాత మళ్ళీ ఎన్నికలు జరిగింది 1996లోనే. ఆ ఇరవై ఏళ్ళ పైచిలుకు కాలంలో కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ భవనంలో ప్రత్యేక అధికారులే పాలన చూశారు. వార్డుకు ఒక కౌన్సిలరు అనే మనిషే లేడు. నేను పెరిగి పెద్దవాడినయ్యేదాకా కౌన్సిలరంటే ఎవరో నాకు తెలియదు. దీపం వెలగకపోయినా, పంపు విరిగిపోయినా, చెత్తకుండీ నిండిపోయినా జనానికి తెలిసిన ప్రజాప్రతినిధి ఎమ్మెల్యే ఒక్కరే. ఆయన చేతిలో ఖర్చు పెట్టడానికి డబ్బూ లేదు. ఎంపీలకే నియోజకవర్గ నిధి 1993 చివర్లో గాని రాలేదు. సమాచార హక్కు చట్టం తమిళనాడులో 1997లోనూ, దేశమంతటికీ 2005లోనూ వచ్చింది. కాబట్టి నేను చెబుతున్న రోజుల్లో ఏదైనా ఒక పని ఎందుకు ఆగిందో తెలుసుకోవాలంటే మామూలు మనిషికి హక్కుగా అడిగే వీలు లేదు. శాసనసభ్యుడు ఉత్తరం రాయాలి, లేదా సభలో ప్రశ్న వేయాలి. ఈ రెండింటినీ మా ఎమ్మెల్యే గారు ఎంత శ్రద్ధగా వాడుకున్నారో, వచ్చిన జవాబును మాకు చేర్చడంలోనూ అంతే శ్రద్ధ చూపారు.

ఉదయం ఆరు గంటలకే వాళ్ళ ఇంటి వసారా నిండిపోయేది. గోడ పక్కన రెండు పొడుగాటి బెంచీలు, ఒక మూల స్టూలు మీద మంచినీళ్ళ కుండ, మధ్యలో టైపు మిషను. అర్జీ రాసుకొని రాలేనివాళ్ళు నోటితో చెబితే టైపిస్టు అన్న వినుకుంటూనే తమిళంలో కొట్టేసేవాడు. తెలుగు మాత్రమే వచ్చిన ముసలివాళ్ళు వచ్చినప్పుడు నేను మధ్యలో కూర్చొని అటూ ఇటూ చెప్పేవాణ్ణి. ప్రతి అర్జీకి ఒక నంబరు వేసి పెద్ద రిజిస్టరులో ఎక్కించేవారు. పదిహేను పైసల పోస్టుకార్డుల కట్ట ఎప్పుడూ బల్ల సొరుగులో ఉండేది. మీ అర్జీ ఫలానా కార్యాలయానికి ఫలానా తేదీన పంపాము అని అర్జీదారుకు కార్డు రాసి అదే రోజు తపాలాలో వేసేవాళ్ళం. పక్క వీధిలోనే ఉండేవాళ్ళకు కార్డు ఎందుకని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, చాలా ఇళ్ళలో తమ పేరు మీద పోస్టుమాను తెచ్చి ఇచ్చిన మొదటి కాగితం అదేనని. కొందరు దాన్ని దేవుడి పటం వెనక దాచుకొన్నారు. రేషను కార్డు పోయి కొత్తదాని కోసం తిరిగేటప్పుడు ఆ పోస్టుకార్డునే చూపించి, నేను అడిగింది ఫలానా రోజున అని గట్టిగా చెప్పగలిగేవాళ్ళు.

శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో పని రెట్టింపయ్యేది. జార్జి కోట నుంచి ఆయన సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు చేతిసంచీలో ఆనాటి ప్రశ్నోత్తరాల కాగితాలు ఉండేవి. మా ప్రాంతానికి సంబంధించిన ప్రశ్నలు, మంత్రుల జవాబులు, బడ్జెటులో మాకు ఉపయోగపడే పద్దులు ఏరి, రాత్రికి రాత్రి సైక్లోస్టైలు పత్రికగా తీసేవాళ్ళం. తమిళానికి టైపు మిషను ఉంది. తెలుగుకు లేదు. మైనపు పూత ఉన్న స్టెన్సిలు కాగితాన్ని పలక మీద పరిచి, ఉక్కు ములికితో ఒక్కొక్క అక్షరం గీయాలి. గట్టిగా నొక్కితే సున్నాలన్నీ చిరిగి ఊడిపోతాయి. మెల్లగా గీస్తే సిరా దిగదు. మిషను పిడి తిప్పుతుంటే కాగితం ఒక్కొక్కటిగా పడే టపటప చప్పుడు, తడి సిరా వాసన, చివర్లో చేతులు తుడుచుకొనే కిరసనాయిలు గుడ్డ వాసన, ఇవన్నీ కలిసి ఆ వసారాకు ఒక రాత్రి వాతావరణం ఉండేది. ఆ పత్రికలో ఆయన ఫొటో ఉండేది కాదు. పై వరుసలో నియోజకవర్గం పేరు, నెల పేరు, అంతే. రెండు పేజీలు తమిళం, రెండు పేజీలు తెలుగు. మిల్లు గేటు దగ్గర షిఫ్టు మారే వేళకు పంచిపెట్టేవాళ్ళం.

చదువు రానివాళ్ళ కోసం సాయంత్రం చెట్టు కింద చదివి వినిపించడం కూడా నా పనే. దీపాలు వెలిగే వేళకు ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టుకొని, పంపు దగ్గర వరుసలో ఉన్న చోటు పోకుండా ఒక కన్ను అటు వేసి, వినేవారు. వినడం అంటే ఊరకే వినడం కాదు. "నిన్న చదివిన దాంట్లో ఐదో వీధి దీపం గురించి ఉందే, ఇవాళ ఎందుకు లేదు?" అని నిలదీసేవారు. నేను గుర్తు రాసుకొని మరునాడు ఎమ్మెల్యే గారిని అడగాలి. అలా వీధి నుంచి వెనక్కి వచ్చిన ప్రశ్నలకు రిజిస్టరులో వేరే పేజీలు కేటాయించారు ఆయన.

నీళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ కాలపు మద్రాసులో వేసవి అంటే నీళ్ళ లెక్క. పూండి, చోళవరం, రెడ్ హిల్స్ చెరువుల్లో ఎంత నీరు మిగిలిందో పత్రికల్లో వస్తే, దాన్ని బల్ల మీద ఎక్కించేవాళ్ళం. 1983 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు గారు, ఎం.జి. రామచంద్రన్ గారు ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కృష్ణా నీళ్ళ ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకొంటే మొత్తం 15 టీఎంసీలు. దారిలో ఆవిరైపోయేది తీసివేస్తే సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు ఇవ్వాలి. ఆ వార్త వచ్చినప్పటి నుంచి వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న, ఎప్పుడొస్తాయని. ఏటా వేసవిలో అడిగేవారు. ఎమ్మెల్యే గారు ఒక ఆదివారం బల్ల మొత్తం తుడిపించి దాని మీద కాలువ పటం గీయించారు. శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, బనకచర్ల, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు, అక్కడి నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ, ఆ తర్వాత పూండి. ఏ చోట ఏ పని మిగిలి ఉందో తెలిసినంతవరకు పక్కన రాయించారు. టీఎంసీ అంటే ఏమిటో ఎవరికీ తెలియదని, వంద కోట్ల ఘనపుటడుగులని రాసి, దాని కింద పదిహేను లీటర్ల బిందెలతో లెక్కవేస్తే దాదాపు 189 కోట్ల బిందెలని రాయమన్నారు. ఆ లెక్క నేనూ టైపిస్టు అన్నా రెండు మూడు సార్లు వేసి సరిచూసుకొన్నాం.

ఆ సాయంత్రం నేను పేర్లు చదువుతుంటే, కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరైన ఒక అవ్వ సోమశిల, కండలేరు దగ్గరకు రాగానే లేచి నిలబడింది. ఆమెది రాపూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు కరువుకు తల్లి చంకనెక్కి మద్రాసు వచ్చి, మళ్ళీ వెనక్కి పోలేదు. "కండలేరు మా ఊరి పక్కనే గదయ్యా! పెన్నమ్మ నీళ్ళ మీదుగానా వొచ్చేది? అయితే వొస్తాయిలే" అంది. అంతవరకు ఆ ఒప్పందం గురించి మంత్రులు చెప్పినా, పత్రికలు రాసినా నమ్మని మనిషి, తన ఊరి పక్క పేరు వినగానే నమ్మింది. తర్వాత ప్రతివారం వచ్చి, కాలువ ఎందాకా వచ్చిందని అడిగేది. వివరం లేని వారం, లేదని చెప్పేవాణ్ణి. ఆమె తల ఊపి వెళ్ళిపోయేది గాని ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

వానాకాలం వేరే గొడవ. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల్లో, అంటే అక్టోబరు, నవంబరు ప్రాంతంలో, ఈశాన్య రుతుపవనాలు పట్టుకొంటే ఓట్టేరి నాలా పొంగి పల్లపు వీధుల్లోకి వచ్చేది. రేడియోలో తుపాను హెచ్చరిక వినగానే ఎమ్మెల్యే గారు సైకిలు రిక్షాకు మైకు కట్టించి, నన్నూ ఇంకొకరినీ ఎక్కించేవారు. ఏ బడి తలుపులు తెరిచి ఉంచారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, అన్నం పొట్లాలు ఎన్నింటికి వస్తాయి, రేషను కార్డులూ సర్టిఫికెట్లూ ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తు మీద పెట్టుకోండి అని రెండు భాషల్లో చెప్పుకుంటూ తిరిగేవాళ్ళం. భయపెట్టే మాట ఒక్కటీ చెప్పవద్దని, చెప్పిన చోట బడి తలుపు నిజంగా తెరిచి ఉందో లేదో ముందు చూసి రమ్మని ఆయన షరతు. అందుకని మైకు ఎక్కే ముందు నేను సైకిలు మీద ఆ బడులన్నీ చుట్టి వచ్చేవాణ్ణి.

ఆయన గొప్పతనం నాకు పూర్తిగా తెలిసింది ఒక కాదన్న జవాబు వల్ల. మా వరుసలోనే ఉండే ఒక పెద్దావిడ వృద్ధాప్య పింఛనుకు అర్జీ పెట్టుకొంది. తమిళనాడులో ఆ పింఛను 1962 నుంచే ఉంది; నెలనెలా మనియార్డరుగా వచ్చేది. ఆమెకు సంపాదించే కొడుకు ఉన్నాడన్న కారణంతో అర్జీ తిరిగి వచ్చింది. కొడుకు ఉన్న మాట నిజం, అన్నం పెట్టని మాటా నిజం. ఇటువంటిది బల్ల మీద రాస్తే ఇంటి గుట్టు వీధిన పడుతుందని ఆయన రాయనివ్వలేదు. తానే వాళ్ళ గుమ్మానికి వెళ్ళి, మెట్టు మీద కూర్చొని, ఎవరు ఏ కారణంతో కాదన్నారో, మళ్ళీ అర్జీ పెట్టాలంటే ఏమేమి రుజువు కావాలో, అది తెచ్చినా ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చో అంతా తెలుగులో చెప్పారు. ఆమె ఏడ్చింది. ఆయన లేవలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా కూర్చొని, మజ్జిగ ఇస్తే తాగి, కొడుకు షిఫ్టు దిగే వేళ కనుక్కొని, ఆ రాత్రి అతనితో మాట్లాడడానికి మళ్ళీ వచ్చారు. కాదన్న కబురును ఇలా స్వయంగా మోసుకెళ్ళిన ప్రజాప్రతినిధిని నేను మళ్ళీ చూడలేదు.

1988 జనవరి చివర్లో శాసనసభ రద్దయి రాష్ట్రపతి పాలన వచ్చింది. నగరానికి కౌన్సిలర్లు ఎలాగూ లేరు. ఇప్పుడు ఎమ్మెల్యేలూ లేరు. మద్రాసు మహానగరంలో జనం ఓటు వేసి ఎన్నుకొన్న స్థానిక ప్రతినిధి ఒక్కడూ లేకుండా దాదాపు ఏడాది గడిచింది. రద్దయిన మరునాడు పొద్దున్నే ఆయన చెట్టు దగ్గరకు వచ్చి, బల్ల పైన 'శాసనసభ్యుని ప్రకటన' అని రంగుతో రాసి ఉన్న వరుసను తానే కత్తితో గీకించి, 'వీధి సమాచారం' అని రాయించారు. పదవి లేనప్పుడు ఆ పేరుతో ఒక్కరోజు కూడా చెప్పకూడదన్నారు. రాత మాత్రం ఆగలేదు. ఉత్తరాలకు జవాబులు తగ్గిపోయాయి. 'జవాబు రాలేదు' అన్న వరుసలు బల్ల నిండా పెరిగాయి. అయినా ఆయన అడగడం మానలేదు, మాచేత రాయించడం మానలేదు. 1989 ఎన్నికల తర్వాత కూడా, అంతెందుకు, 1991 తర్వాత ఆయన మళ్ళీ సభకు వెళ్ళకపోయినా, జనం ఆ వసారాకే వచ్చేవారు.

ఇప్పుడు చెన్నైలో 1913కు ఫోను చేస్తే కార్పొరేషన్ ఫిర్యాదు తీసుకొంటుంది. ముఖ్యమంత్రి సహాయ కేంద్రానికి 1100 ఉంది. వీధి వీధికీ వాట్సాప్ గుంపు ఉంది. ఇవి చాలా మంచి సదుపాయాలు, ముసలివాళ్ళు ఎండలో నిలబడవలసిన పని తప్పింది. అయితే ఫిర్యాదు నంబరు ఒక్కరి ఫోనులోనే ఉంటుంది. మా బల్ల మీద ఐదో వీధి దీపం సంగతి తొమ్మిదో వీధివాళ్ళకూ తెలిసేది. వాళ్ళూ కలిసి అడిగేవారు. ప్రజాప్రతినిధులు తమ ఫొటోలతో పెట్టే ప్రారంభోత్సవాల వార్తల మధ్య, ఫలానాది అడిగాము, ఫలానా కారణంతో కుదరదన్నారు అనే ఒక్క వరుస కోసం నేను ఇప్పటికీ వెతుకుతూ ఉంటాను.

1996లో మా జీవితాల్లో అన్నీ ఒక్కసారే మారాయి. మిల్లు మూతపడింది. ఊరి పేరు చెన్నై అయింది. కృష్ణా నీళ్ళు పూండికి చేరాయి. రాపూరు అవ్వ అప్పటికి మంచాన పడి ఉంది, కబురు చెప్పడానికి నేను వాళ్ళ ఇంటికే వెళ్ళాను. కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగి నాకు తెలిసి మా వార్డుకు మొదటిసారి కౌన్సిలరు వచ్చాడు. అతను ఎమ్మెల్యే గారి పార్టీ వాడు కాదు. అయినా గెలిచిన వారంలోనే ఆయన అతన్ని వసారాకు పిలిపించి, రిజిస్టర్లన్నీ ముందు పెట్టి, నీళ్ళవి ఎక్కడ ఉన్నాయో, పింఛన్లవి ఎక్కడో, ఇంకా జవాబు రానివి ఏ పేజీలో ఉన్నాయో ఒక్కొక్కటీ చూపించారు. ఈ వీధుల్లో ఎవరికి ఏ మాట ఇచ్చామో ఇందులో ఉంది, ఇక ఇవి మీవి అన్నారు. బల్ల మీద తెలుగు సగం తీసివేయవద్దని మాత్రం ఒక కోరిక కోరారు. ఆ కౌన్సిలరు పెద్ద మనసుతో ఒప్పుకొని, నన్ను కొనసాగమన్నాడు. ఉద్యోగం కోసం తాంబరం వైపు ఇల్లు మారేదాకా, నేను ఆదివారాలు వెళ్ళి ఆ సగం రాసి వస్తూ ఉన్నాను.